మంటకు ముందే మంద: బెంగళూరు అంచుల్లో పశువుల మేత కార్చిచ్చును తగ్గించగలదా?

సంక్షిప్తంగా: వానలకు మొలిచిన గడ్డిని అది ఎండే వేళకు పశువులు మేసి తగ్గిస్తే, మంట ఎత్తూ వేగమూ తగ్గుతాయి. ఆర్పేవాళ్లు దగ్గరికి వెళ్లగలుగుతారు. ఇళ్ల చుట్టూ ఉండే ఖాళీ పట్టీల్లో, గడ్డి మైదానాల్లో ఈ పద్ధతికి మంచి అవకాశం ఉంది. అడవి నడిమధ్యన, లంటానా పొదల్లో, పెనుగాలి వీచే రోజున దీని మీద ఆశ పెట్టుకోలేం. కర్ణాటకలో 2025లో మొదలైన మేత నిషేధం చర్చ ఈ రెండు రకాల నేలలను కలిపి చూడటం వల్లే చిక్కుముడి పడింది.

2019 ఫిబ్రవరిలో ఒకే వారంలో కర్ణాటక రెండు పెద్ద మంటలను చూసింది. బందీపూర్ పులుల అభయారణ్యంలో 21న రాజుకున్న కార్చిచ్చు అయిదు రోజుల్లో దాదాపు 11 వేల ఎకరాలను కాల్చింది. చివరికి వాయుసేన హెలికాప్టర్లతో నీళ్లు గుమ్మరించాల్సి వచ్చింది. మధ్యలో 23న, బెంగళూరులోని యలహంక వాయుసేన స్థావరం దగ్గర ఏరో ఇండియా ప్రదర్శనకు వచ్చినవాళ్లు కార్లు నిలిపిన మైదానం అంటుకుంది. గంటల వ్యవధిలో సుమారు 300 కార్లు కాలిపోయాయి. ఒకటి పులులు తిరిగే అడవి, ఇంకొకటి మహానగరపు పార్కింగ్ స్థలం. రెండు చోట్లా మంటను మోసుకెళ్లింది ఫిబ్రవరి గాలి, నేల మీద పరుచుకున్న ఎండు సరుకు.

ఆరేళ్ల తర్వాత ఇదే గడ్డి మరో రూపంలో వార్తల్లోకి వచ్చింది. 2025 జూన్‌లో మలె మహదేశ్వర కొండల్లో ఒక ఆడపులి, దాని నాలుగు పిల్లలు విషం కలిసిన ఆవు కళేబరం తిని చనిపోయాయి. ఆ వెంటనే అడవుల్లో పశువులను మేపడాన్ని అడ్డుకోవాలని రాష్ట్ర అటవీ మంత్రి అధికారులను ఆదేశించారు. పశువులను మేపుకొని బతికేవాళ్లు దీన్ని వ్యతిరేకించారు. మేపకపోతే గడ్డి పెరిగి అడవి తగలబడుతుందన్నది వారి వాదనల్లో ఒకటి. లేతగడ్డి మొలుస్తుందన్న ఆశతో మేపేవాళ్లే నిప్పు పెడతారన్నది అటవీ శాఖ వైపు నుంచి ఎప్పుడూ వినిపించే మాట. రెండింటిలోనూ నిజం ఉంది. ఎవరి మాట నిజమని తేల్చే ముందు, ఏ నేల గురించి మాట్లాడుతున్నామో తేల్చుకోవాలి.

అసలు మండేది ఏది

నిప్పు పుట్టడానికి వేడి, గాలి, ఇంధనం కావాలి. ఎండాకాలపు వేడినీ గాలినీ ఎవరూ ఆపలేరు. మనిషి చేతిలో ఉన్నది ఇంధనం ఒక్కటే. ఆ ఇంధనంలోనూ అన్నీ ఒకలా మండవు. పడిపోయిన మద్ది మాను ఎండటానికి నెలలు పడుతుంది. సన్నని గడ్డిపరక చుట్టూ ఉన్న గాలిలో తేమ మారిన గంటలోపే తానూ మారిపోతుంది. ఉదయం మంచుకు తడిసిన గడ్డి మధ్యాహ్నానికి అగ్గిపుల్లకు సిద్ధంగా ఉంటుంది. కార్చిచ్చు వేగం చాలావరకు ఈ సన్నని సరుకు మీద, అంటే గడ్డి, రాలిన ఆకులు, పుల్లల మీద ఆధారపడుతుంది.

మంట ఎత్తు ఇక్కడ కీలకం. అడవి మంటలను ఆర్పే సిబ్బందికి అనుభవం మీద ఏర్పడిన ఒక కొలత ఉంది. మంట నాలుగు అడుగుల లోపు ఉంటే చేతి పనిముట్లతో ఎదురుగా వెళ్లి ఆర్పవచ్చు. అది దాటితే వేడికి మనిషి నిలబడలేడు, ఫైరింజన్లూ యంత్రాలూ కావాలి. ఎనిమిది అడుగులు దాటితే అవి కూడా కష్టమే. మన అడవుల్లో మంటలను ఆర్పేవాళ్లలో ఎక్కువమంది రోజు కూలికి పనిచేసే ఫైర్ వాచర్లు. వారి ఆయుధం అక్కడికక్కడ విరిచిన పచ్చి కొమ్మ. మోకాలి ఎత్తు మంటను ఆ కొమ్మతో కొట్టి ఆర్పగలరు. గుండెల ఎత్తు మంట ముందు ఆ కొమ్మ దేనికీ పనికిరాదు. 2018 మార్చిలో తమిళనాడు తేని జిల్లా కురంగణి కొండల్లో ట్రెక్కింగ్‌కు వెళ్లినవాళ్లు, వారిలో చాలామంది చెన్నై నుంచి వచ్చినవాళ్లే, ఎండుగడ్డి నిండిన వాలు మీద మంటల్లో చిక్కుకున్నారు. 20 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. వాలు మీద మంట పైకి పరుగెత్తుతుంది. గడ్డి ఎత్తుగా ఉంటే ఆ పరుగు మనిషి పరుగును మించిపోతుంది.

మేతతో మంటను తగ్గించడం అంటే నిప్పు పుట్టకుండా చేయడం కాదు. పుట్టిన నిప్పు ఇళ్ల వరకు వచ్చేసరికి గుండెల ఎత్తు నుంచి మోకాలి ఎత్తుకు దిగిపోయేలా చేయడం.

ఏ పశువు ఏం తింటుంది

పశువులన్నీ గడ్డి తింటాయి కదా అని ఏ మందనైనా తోలితే సరిపోదు. ఆవు నాలుకతో గడ్డిని చుట్టి లాగి తింటుంది. కాబట్టి దానికి పొడుగు గడ్డి కావాలి, మొరటు గడ్డినీ అరిగించుకోగలదు. గొర్రెకు పై పెదవి చీలి ఉంటుంది. నేలకు రెండు మూడు సెంటీమీటర్ల ఎత్తు వరకు పరకను కొరికేస్తుంది. అందుకే గొర్రెల మంద మేసి వెళ్లిన బీడు గొరిగినట్టు కనిపిస్తుంది. మేక దారి వేరు. గడ్డి కంటే ఆకు, రెమ్మ, కంప అంటే దానికి ఇష్టం. వెనక కాళ్ల మీద నిలబడి తల అందినంత ఎత్తు వరకు కొమ్మలను నున్నగా చేస్తుంది.

మేక చేసే ఈ పనికి కార్చిచ్చు లెక్కలో ప్రత్యేక విలువ ఉంది. నేల మీది మంట చెట్టు తలకు ఎక్కాలంటే మధ్యలో మెట్లు కావాలి. గడ్డి నుంచి పొదకు, పొద నుంచి కింది కొమ్మకు, కింది కొమ్మ నుంచి పై గుబురుకు. మేకలు ఆ నడిమి మెట్లను తినేస్తాయి. మంట నేల మీదే ఉండిపోయే అవకాశం పెరుగుతుంది. ఇవి కాక, ఏ పశువైనా తిన్నదానికి తోడు గిట్టలతో తొక్కి గడ్డిని నేలకు అదుముతుంది. నిలబడి ఉన్న గడ్డికి అందినంత గాలి నేలకు అణిగిన గడ్డికి అందదు. అది నెమ్మదిగా మండుతుంది, త్వరగా కుళ్లుతుంది.

ఒక కిలోమీటరుకు ఎంత మంద

మాటల్లో కంటే లెక్కలో ఈ పద్ధతి సత్తా, హద్దు రెండూ స్పష్టంగా కనిపిస్తాయి. ఒక కాలనీ వెనక కిలోమీటరు పొడవున, 50 మీటర్ల వెడల్పున గడ్డి పట్టీ ఉందనుకుందాం. అది సుమారు 12 ఎకరాలు. ఎకరానికి 1,200 కిలోల ఎండు బరువున్న గడ్డి పెరిగిందనీ, దాన్ని 500 కిలోలకు తగ్గించాలనీ అనుకుంటే, మొత్తం 8,400 కిలోలు తీసేయాలి. 30 కిలోల బరువున్న గొర్రె రోజుకు దాదాపు కిలో ఎండు మేతకు సమానమైనంత తింటుంది. అంటే 400 గొర్రెల మందకు ఇది మూడు వారాల పని. తొక్కిడి వల్ల అణిగిపోయేదాన్ని కలిపితే ఇంకొంచెం తక్కువ.

ఇది అందుబాటులో ఉన్న పనే. అయితే అదే లెక్కను వందల చదరపు కిలోమీటర్ల అడవికి వేస్తే అంకెలు చేయి దాటిపోతాయి. ఏ రాష్ట్రమూ అంత మందను అంత తక్కువ రోజుల్లో అడవిలో నిలపలేదు. నిలిపినా జింకలకూ దుప్పులకూ మేత మిగలదు. మేత అన్నది పట్టీలకు సరిపోయే ఉపాయం, ప్రాంతాలకు కాదు.

రోజుల సంగతి కూడా చూడాలి. బెంగళూరు చుట్టుపక్కల వానలు నవంబరు వరకు పడతాయి. డిసెంబరు, జనవరిల్లో గడ్డి పసుపురంగుకు తిరుగుతుంది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ నడుమ దాకా మంటల కాలం. మార్చిలో మందను తోలితే ప్రయోజనం తక్కువ. అప్పటికి గడ్డిలో మాంసకృత్తులు పడిపోయి పశువు దాన్ని ముట్టదు, ముట్టినా బలం రాదు. నవంబరు నుంచి జనవరి వరకు, పరకలో ఇంకా పచ్చదనం మిగిలి ఉండగానే పని జరగాలి. మరీ ముందుగా, వానల నడుమ మేపితే గడ్డి తిరిగి చిగురిస్తుంది.

కాలిఫోర్నియా, స్పెయిన్ చెబుతున్నది

ఇళ్లకు దగ్గరి మంటలతో ఎక్కువగా దెబ్బతిన్న కాలిఫోర్నియాలో మేకల మందలను అద్దెకు తెచ్చుకోవడం ఇప్పుడు మామూలు సంగతి. అందరూ చెప్పుకొనే ఉదాహరణ సిమి వ్యాలీలోని రోనాల్డ్ రీగన్ గ్రంథాలయం. 2019 మే నెలలో అక్కడ సుమారు 500 మేకలు 13 ఎకరాల పొదలను మేశాయి. అక్టోబరు 30న కార్చిచ్చు కొండెక్కి వచ్చినప్పుడు ఆ ఖాళీ పట్టీ అగ్నిమాపక సిబ్బందికి నిలబడే చోటు ఇచ్చింది, భవనం దక్కింది. సిబ్బంది, హెలికాప్టర్లు కూడా ఆ రోజు అక్కడే ఉన్నాయన్నది మరవకూడదు. మేకలు ఒంటరిగా ఏ భవనాన్నీ కాపాడలేదు, కాపాడేవాళ్ల పని వీలయ్యేలా చేశాయి.

మందల మొత్తం ప్రభావాన్ని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు లెక్కగట్టారు. 2017లో ఆ రాష్ట్రపు బీళ్లలో ఆవులు తినేసిన గడ్డి 1,160 కోట్ల పౌండ్లు, అంటే 50 లక్షల టన్నులకు పైనే. మేత లేకపోతే అదంతా ఎండి నిలబడి ఉండేది.

పొదుపుగా, పద్ధతిగా నడిపిన ఉదాహరణ మాత్రం స్పెయిన్‌ది. ఆండలూసియా ప్రభుత్వం అడవుల్లో తీసిన ఫైర్ లైన్ల (మంట దాటకుండా ఖాళీ చేసి ఉంచే పట్టీల) మీద గొర్రెలను, మేకలను మేపడానికి కాపరులతో ఒప్పందాలు చేసుకుంటోంది. ఎంత దూరం, ఎంత వాలు, ఎంత కష్టమైన మేత అన్నదాన్ని బట్టి హెక్టారుకు సొమ్ము నిర్ణయిస్తారు. వేసవికి ముందు ఎంత మేశాయో కొలుస్తారు. తక్కువ మేస్తే చెల్లింపు తగ్గుతుంది. కాపరికి ఇచ్చేది సాయం కాదు, పనికి కూలి అన్న దృష్టి ఇందులో ఉంది.

హవాయి చెప్పే పాఠం దీనికి అవతలి వైపు నుంచి వస్తుంది. 2023 ఆగస్టులో మావి దీవిలోని లహైనా పట్టణం కాలిపోయి వంద మందికి పైగా చనిపోయారు. చెరకు తోటలు మూతపడ్డాక ఆ బీళ్లను ఆక్రమించిన పరాయి గడ్డి జాతుల్లో గినీ గడ్డి ఒకటి. అది ఒకప్పుడు పశువుల మేత కోసం తెచ్చి నాటినదే. తినే నోళ్లు పోయి గడ్డి మిగిలింది. బెంగళూరు ఖాళీ స్థలాల్లో, చెరువు అంచుల్లో మనిషి ఎత్తున పెరిగే గడ్డిలో ఈ గినీ గడ్డి కూడా ఉంది. ఈ పోలిక తీసిపారేయదగ్గది కాదు.

మేత చేతులెత్తేసే చోట్లు

మన దక్షిణాది అడవులకు వచ్చేసరికి విదేశీ అనుభవం సగమే పనికొస్తుంది. కారణం లంటానా. 1800ల తొలినాళ్లలో తోటల అందం కోసం కలకత్తాకు తెచ్చిన ఈ పొద ఇప్పుడు బందీపూర్, బెంగళూరు అంచునున్న బన్నేరుఘట్ట, బిళిగిరి కొండలు అన్న తేడా లేకుండా అడవి కింది అంతస్తును నింపేసింది. దేశంలో పులులు తిరిగే ప్రాంతాల్లో 40 శాతానికి పైగా దీని వ్యాప్తి ఉందని 2020లో వెలువడిన ఒక అధ్యయనం తేల్చింది. లంటానా ఆకులో కాలేయాన్ని దెబ్బతీసే విషం ఉంది. తిన్న పశువుకు కామెర్లు వస్తాయి, ఎండ తగిలిన చోట చర్మం పగులుతుంది. అందుకే మంద దాన్ని వదిలేసి చుట్టూ ఉన్న గడ్డిని తింటుంది. పోటీ తగ్గిన లంటానా ఇంకా పుంజుకుంటుంది. మండే సరుకు తగ్గకపోగా, తేలిగ్గా ఆర్పగలిగే గడ్డి పోయి ఆర్పలేని పొద మిగులుతుంది. అడవి లోపల విచ్చలవిడి మేత వల్ల మంటలు తగ్గుతాయన్న వాదన ఇక్కడే బలహీనపడుతుంది.

సర్కారు తుమ్మది ఇంకో రకం చిక్కు. 1870ల్లో కడప జిల్లా కమలాపురం ప్రాంతంలో నాటి, అక్కడి నుంచి దక్షిణాదంతా కమ్మేసిన చెట్టు ఇది. దీని తియ్యని కాయలను మేకలు, ఆవులు ఇష్టంగా తింటాయి. గింజలు అరగకుండా పేడలో, పెంటికల్లో బయటికి వచ్చి కొత్త చోట మొలుస్తాయి. తుమ్మ కాయలున్న కాలంలో మందను శుభ్రమైన గడ్డి మైదానంలోకి తోలితే వచ్చే అయిదేళ్లకు కంప నాటినట్టే. మందను కొత్త చోటికి తెచ్చే ముందు వారం రోజులు ఒక దొడ్డిలో కట్టి మేపడం దీనికి తెలిసిన జాగ్రత్త.

పెనుగాలి రోజుల్లో ఏ పట్టీ అయినా తేలిపోతుంది. ఎగిరిన నిప్పురవ్వ 50 మీటర్లను సులభంగా దాటుతుంది. ఇంటి కప్పు మీద పేరుకున్న ఆకులు, ప్రహరీకి ఆనించిన కట్టెల మోపులు అలాగే ఉంటే మంద మేసిన ఫలితం దక్కదు.

వన్యప్రాణులకు జరిగే హానినీ తక్కువ చేసి చూడలేం. 1960ల చివర్లో పశువుల ముసర వ్యాధి బందీపూర్, ముదుమలై ప్రాంతపు అడవిదున్నలను పెద్ద సంఖ్యలో బలి తీసుకుంది. ఆ వ్యాధిని ప్రపంచమంతటా 2011 నాటికి నిర్మూలించారు. గాలికుంటు, దొమ్మ వంటివి ఇంకా ఉన్నాయి. మంద ఉన్న చోటికి చిరుత వస్తుంది, చిరుత తీసుకుపోయిన మేకకు బదులుగా విషం పెట్టేవాళ్లు వస్తారు. మలె మహదేశ్వర కొండల్లో జరిగింది ఇదే వరుసలో చూడాలి.

చట్టం గీసిన గీత

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం జాతీయ ఉద్యానాల్లో పశువుల మేతను పూర్తిగా నిషేధించింది. బన్నేరుఘట్ట ఈ కోవలోకి వస్తుంది. 2006 అటవీ హక్కుల చట్టం మాత్రం స్థిరంగా ఉండేవారికీ, మందలతో వలస తిరిగేవారికీ మేత హక్కును గుర్తించింది. 2022 మార్చిలో మద్రాసు హైకోర్టు మొదట తమిళనాడు అడవులన్నింటిలో పశువుల మేతను నిషేధించి, కొద్ది రోజులకే ఆ ఉత్తర్వును జాతీయ ఉద్యానాలు, అభయారణ్యాలు, పులుల అభయారణ్యాలకు పరిమితం చేసింది. కర్ణాటక ఆదేశాల చర్చలోనూ ఈ తీర్పు ప్రస్తావన వచ్చింది.

నిషేధం ఎప్పుడూ మంచే చేస్తుందనీ అనలేం. రాజస్థాన్‌లోని భరత్‌పూర్ పక్షుల అభయారణ్యంలో 1982లో గేదెల మేతను ఆపేశారు. అడ్డుకున్న గ్రామస్థుల మీద పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. తర్వాతి సంవత్సరాల్లో నీటిగడ్డి విపరీతంగా పెరిగి నీటిపక్షులకు చోటు లేకుండా పోయింది. గేదెలు ఆ గడ్డిని అదుపులో ఉంచేవని బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ దీర్ఘకాల అధ్యయనం నమోదు చేసింది. తడి నేలకు నిజమైనది లంటానా అడవికి నిజం కానక్కర్లేదు. నేలను చూడకుండా వేసే నిషేధమూ, నేలను చూడకుండా ఇచ్చే అనుమతీ ఒకే రకం పొరపాట్లని మాత్రం భరత్‌పూర్ గట్టిగానే చెబుతుంది.

బెంగళూరులో ఎక్కడ పనికొస్తుంది

బన్నేరుఘట్ట అడవి లోపలికి మందను తోలడానికి చట్టమూ ఒప్పుకోదు, లంటానా కారణంగా ప్రయోజనమూ ఉండదు. అడవి గీతకు ఇవతల, లేఅవుట్లకూ అడవికీ నడుమ ఉన్న రెవెన్యూ భూములు, అమ్ముడుపోని ప్లాట్లు, విద్యుత్ లైన్ల కింది పట్టీలు వేరే సంగతి. ఎండాకాలంలో మంటలు మొదలయ్యేది ఎక్కువగా ఇక్కడే. చెత్తకు పెట్టిన నిప్పు, ఆర్పకుండా విసిరేసిన బీడీ ముక్క ఇక్కడి గడ్డిని పట్టుకుని అడవిలోకి పాకుతాయి. చుట్టూ అపార్టుమెంట్లు మూసుకొచ్చిన తురహళ్లి అడవికీ ఇదే ముప్పు. మంట అడవి నుంచి ఊళ్లోకి వస్తుందన్న భయం సహజమే. ఈ నగరంలో ఊరి నుంచి అడవికి వెళ్లే మంట కూడా అంతే నిజం.

హెసరఘట్ట గడ్డి మైదానం ఇంకా అనువైన చోటు. నగరానికి వాయవ్యాన 5 వేల ఎకరాలకు పైగా ఉన్న ఈ నేలను సంరక్షణ రిజర్వుగా ప్రకటించేందుకు 2024లో కర్ణాటక ప్రభుత్వం ఆమోదం తెలిపింది. చుట్టుపక్కల ఊళ్ల పశువులు తరతరాలుగా ఇక్కడ మేస్తున్నాయి. జాతీయ ఉద్యానానికి ఉన్నంత కఠినమైన మేత నిషేధం ఈ తరహా రిజర్వులకు చట్టంలో లేదు. మైదానమంతా ఒకేసారి గొరిగితే నేల మీద గూడు పెట్టే పక్షులకు చోటు ఉండదు కాబట్టి, రోడ్ల వెంట, ఊళ్ల వైపు పట్టీలను గట్టిగా మేపి, నడుమ పొడుగు గడ్డిని వదలడం రెండింటికీ సర్దుబాటు.

చెరువుల దగ్గర మందకంటే కొడవలి మేలు. 2018 జనవరిలో బెళ్లందూరు చెరువు గట్టున ఎండుగడ్డి, చెత్త అంటుకున్నప్పుడు ఆర్పడానికి సైన్యం దిగాల్సి వచ్చింది. వేల మంది జవాన్లు బకెట్లతో పనిచేశారు. ఆ గట్టున గాజు పెంకులు, ప్లాస్టిక్, మురుగు ఉన్నాయి. అక్కడ పశువును వదిలితే దాని కడుపులోకి వెళ్లేది గడ్డి ఒక్కటే కాదు. చెరువు అంచుల గడ్డి కోసుకెళ్లి పాడి పశువులకు వేయడం ఈ నగరంలో పాత అలవాటు. చెరువులకు కంచెలు వేసి, నడక దారులు పరిచాక అలా కోసుకునేవాళ్లు చాలా చోట్ల బయటే ఉండిపోయారు. మురుగు కలవని చెరువుల్లోనైనా వారిని నవంబరు, డిసెంబరుల్లో తిరిగి లోపలికి రానిస్తే గడ్డి తగ్గుతుంది, ఒక పాడి కుటుంబానికి మేత ఖర్చు తగ్గుతుంది. అడవి అంచుల్లోనూ, చిరుత భయం ఎక్కువగా ఉన్న చోట, ఇదే పద్ధతి మందకంటే భద్రం.

మంద కట్టించే అలవాటు నుంచి ఒప్పందం దాకా

స్పెయిన్ ఒప్పందాలు మనకు కొత్తగా అనిపించవచ్చు. రాయలసీమ రైతుకు మాత్రం దాని మూలసూత్రం బాగా తెలుసు. పంట కోశాక పొలంలో గొర్రెల మందను రాత్రిళ్లు కట్టించుకుని, ఎరువు కోసం కాపరికి సొమ్మో ధాన్యమో ఇవ్వడం అనంతపురం, మదనపల్లె, హిందూపురం వైపు ఇప్పటికీ ఉంది. సరిహద్దుకు ఇవతల, కర్ణాటకలో తెలుగు మాట్లాడే బాగేపల్లి, గుడిబండె ఊళ్లలోనూ అంతే. ఇన్ని గొర్రెలు, ఇన్ని రాత్రులు, ఇంత ధర అని నోటిమాటతోనే కుదిరే ఒప్పందం అది. ఎరువు స్థానంలో మంట పట్టీని పెడితే లెక్క అదే. మంద పరిమాణం, రోజులు, మిగలాల్సిన గడ్డి ఎత్తు, ధర.

కొత్తగా చేరేవి నగరం చూసుకోవాల్సినవి. మందకు నీళ్ల తొట్టి ఎవరు పెడతారు, రాత్రి కట్టడానికి చిరుత దూకలేని దొడ్డి ఎక్కడ, ప్లాట్ల యజమానుల అనుమతి ఎవరు తెస్తారు, గాలికుంటు టీకా వేయించిన మంద అని ఎవరు ధ్రువీకరిస్తారు. రోజంతా ఎండలో నిలబడే కాపరికి కూలి గిట్టుబాటు కాకపోతే ఈ పద్ధతి రెండో ఏడాది ఉండదు. మంద కొనుక్కోవచ్చు. ఏ వాలులో ఏ వేళ మేపాలో, ఎప్పుడు మందను మళ్లించాలో తెలిసిన మనిషి దొరకడం కష్టం. కర్ణాటకలోని కురుబలు, మన గొల్ల కురుమలు తరాలుగా మోస్తున్న ఈ నైపుణ్యం వారి పిల్లలు వేరే ఉపాధి చూసుకుంటున్న కొద్దీ తగ్గిపోతోంది.

ఈ ఏర్పాట్లు ఫిబ్రవరిలో మొదటి పొగ కనిపించాక కుదిరేవి కావు. వలస మందలు ఏ ఊరి చేలకు వెళ్లాలో వానలు తగ్గుతుండగానే ఒప్పుకుంటాయి. లేఅవుట్ సంఘమైనా, పంచాయతీ అయినా, అటవీ శాఖ రేంజి కార్యాలయమైనా అడగాల్సింది ఆ రోజుల్లోనే. దీపావళి దాటితే మంచి మందలన్నీ ఎవరో ఒకరి పొలంలో కట్టి ఉంటాయి.